సబ్‌వూఫర్ పెట్టినప్పటి సంది ఒకటే హమ్, సోఫాల బేస్ లేదు, కిచెన్ల మాత్రం గిన్నెలు మోగుతున్నయ్.. ఏం చెయ్యాలె?

కూకట్‌పల్లి_మూడో_అంతస్తు:

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద కథ, ఓపిక ఉన్నోళ్లు చదవండి. మాది కూకట్‌పల్లిల మూడో అంతస్తు, కిరాయి ఫ్లాట్, 2బీహెచ్‌కే. రెండు చిన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, ఒక సెంటర్ స్పీకర్, ఒక పాత ఏవీ రిసీవర్ (టీవీ సౌండ్‌ని స్పీకర్లకి పంచే పెట్టె) మూడేండ్ల నుంచి వాడుతున్న. మొన్న దసరా బోనస్ పైసలు చేతుల పడంగనే సెకండ్ హ్యాండ్‌ల 10 అంగుళాల పవర్డ్ సబ్‌వూఫర్ కొన్న, అంటే ఉట్టి బేస్ కోసం పెట్టే స్పీకర్ డబ్బా, ఆంప్లిఫయర్ డబ్బాలనే ఉంటది, కరెంటు పెట్టి ఒక్క వైరు రిసీవర్‌కి గుచ్చితే అయిపోతది అని అమ్మినాయన చెప్పిండు. అయిపోలేదు.

ముందుగాల హమ్. సినిమా ఆపినా, రిసీవర్ సౌండ్ జీరోల పెట్టినా, గుయ్ఁ అని ఒకటే మోత, రాత్రి పూట బెడ్రూంలకి వినపడుతది. రెండోది, సోఫాల కూసుంటే బేసే లేదు. నిజంగ లేదు, పైసలు దండుగ అయినయా అనిపించింది. కానీ కిచెన్లకి పోతే స్టాండు మీది స్టీలు పళ్లేలు గలగలమంటున్నయ్, మా ఆవిడ "నీ సినిమా నాకే బాగ వినపడుతుంది, నువ్వే ఈడికొచ్చి కూసో" అంటది. మూడోది అసలు భయమైంది.. వెనకాల వైరు సర్దుతుంటే ఒక చెయ్యి సబ్‌వూఫర్ వెనక రేకు మీద, ఇంకో చెయ్యి కేబుల్ టీవీ వైరు కొస మీద పడ్డది, జిల్లుమన్నది. షాక్ అనలేను గానీ చీమలు పాకినట్టు అయింది.

మా గల్లీ ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే "మూడో పిన్ను పీకేస్తే హమ్ పోతది అన్నా, రెండు నిమిషాల పని" అన్నడు. చెయ్యనిద్దామా? వెనకాల నాబ్‌లు కూడ ఏవేవో ఉన్నయ్, గెయిన్, క్రాసోవర్, ఫేజ్ 0/180, ఆటో/ఆన్. ఏది ఎందుకో తెల్వదు, అన్నీ సగంల పెట్టిన. ఇంకో మాట, రెండేండ్ల బిడ్డ ఉంది, వెనకాల ఉన్న గాలి రంధ్రంల క్రేయాన్లు ఏసి ఆడుకుంటది. ఇప్పటికి నాలుగు పోయినయ్ లోపటికి.

బేస్_రాజా:

పిన్ను పీకెయ్ బ్రో, సింపుల్. నేను ఐదేళ్లుగా టూ పిన్ మీదే వాడుతున్నా ఏం కాలేదు. బేస్ రావట్లేదంటే గెయిన్ ఫుల్‌కి తిప్పు, కార్నర్‌లోకి తొయ్యి, దద్దరిల్లిపోద్ది.

తెనాలి_పాత_మెకానిక్:

పై అబ్బాయి మాట వినకు బాబూ. ఐదేళ్లుగా ఏం కాలేదనడం, హెల్మెట్ లేకుండా ఐదేళ్లు బండి నడిపా ఏం కాలేదన్నట్టుంది. నేను తెనాలిలో 28 ఏళ్లు రేడియోలు, టేప్‌రికార్డర్లు, తర్వాత టీవీలు, హోమ్ థియేటర్లు బాగుచేశాను, ఇప్పుడు షాపు మావాడికి అప్పజెప్పి ఇలా ఫోను పట్టుకు కూర్చున్నా. పిన్ను పీకేసిన పెట్టెలు ఎన్ని చూశానో లెక్కలేదు.

మూడో పిన్ను దేనికో చెప్తా. డబ్బా వెనక రేకు ఉందే, అది లోపల ఆ మూడో పిన్నుకే కలిపి ఉంటుంది. లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఇన్సులేషన్ పోయినా, ఫేజ్ వైరు ఊడి రేకుకి తగిలినా, కరెంటు ఎర్త్‌లోకి దూకి ఫ్యూజో ఎంసీబీయో కొట్టేస్తుంది, నీకు తెలిసేలోపే ఆరిపోతుంది. పిన్ను పీకితే అదే రేకు మీద 230 వోల్టులు నిలబడి ఉంటాయి, ఎవరు ముట్టుకుంటారా అని చూస్తూ. పైగా ఆ రేకు నుంచి ఆర్‌సీఏ వైరు (సబ్‌ని రిసీవర్‌కి కలిపే ఆ ఒక్క వైరు) పై తొడుగు మీదుగా రిసీవర్‌కి, అక్కడి నుంచి టీవీకి, అన్నిటికీ పాకుతుంది. ఇంట్లో పాపాయి ఉందన్నావు, అదీ నేల మీద కూర్చుని ఆ పెట్టెతోనే ఆడుకుంటుంది. ఇంక నేను వేరే చెప్పక్కర్లేదు. కొన్ని సబ్‌వూఫర్లు కంపెనీ నుంచే రెండు పిన్నులతో వస్తాయి, వాటి వెనక చతురస్రంలో చతురస్రం బొమ్మ ఉంటుంది, డబుల్ ఇన్సులేషన్ అన్నమాట, అవి వేరు. మూడు పిన్నులతో వచ్చినదానికి మూడూ ఉండాల్సిందే.

ఇప్పుడు అసలు సంగతి. నీకు జిల్లుమందని రాశావే, నాకు హమ్ కంటే అదే ముఖ్యం. ఈ పెట్టెల్లో ఫిల్టరు కోసం ఫేజ్ నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి, బుల్లి కెపాసిటర్లు రేకుకి వేస్తారు. ఎర్త్ సరిగ్గా ఉంటే ఆ కాస్త లీకేజీ భూమిలోకి పోతుంది, నీకు తెలీను కూడా తెలీదు. ఎర్త్ లేకపోతే రేకు గాల్లో వేలాడుతూ దాదాపు సగం వోల్టేజీ, మీటరు పెడితే 110 దరిదాపుల్లో చూపిస్తుంది. కరెంటు అతి తక్కువ కాబట్టి చంపదు, చీమలు పాకినట్టు ఉంటుంది. అంటే నీ గోడ ప్లగ్గులో మూడో కన్నం ఉందిగానీ దాని వెనక వైరు లేదన్నమాట. నా మాట రాసిపెట్టుకో.

మల్టీమీటర్ వాడటం అలవాటున్న మనిషి చేత చూపించు, నువ్వు మాత్రం వేళ్లు పెట్టకు. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ 230, ఫేజ్‌కీ ఎర్త్‌కీ కూడా అదే రావాలి, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులు దాటకూడదు. ఫేజ్-ఎర్త్ దగ్గర అరవయ్యో తొంభయ్యో వంకరటింకర నంబరు వస్తే ఎర్త్ లేనట్టే. ఇంకొక్కటి, ఇది గట్టిగా చెప్తున్నా, "ఎర్త్ లేదన్నా, న్యూట్రల్ నుంచి చిన్న ముక్క వేసి లూప్ కొట్టేస్తా" అంటారు కొందరు. ఒప్పుకోకు. ఎప్పుడైనా న్యూట్రల్ తెగిందంటే రేకు మొత్తం ఫేజ్ అయిపోతుంది, పిన్ను పీకినదానికంటే అన్యాయం అది.

ఎర్త్ కుదిరాక కూడా హమ్ మిగిలితే అప్పుడు కేబుల్ టీవీ వైరు మీద అనుమానపడాలి, దాని సంగతి తర్వాత. ముందు ఇది చూడు.

గది_కొలతలు:

హమ్ గురించి బాబాయ్‌గారు చెప్పారుగా, నేను రెండో సమస్యకి వస్తా. హాలు పొడవు వెడల్పు ఎంత? టీవీ ఏ గోడకి? సోఫా ఎక్కడ? సబ్‌వూఫర్ ఎక్కడ పెట్టావు? ఇవి చెప్తే సగం ఇక్కడి నుంచే చెప్పొచ్చు.

కూకట్‌పల్లి_మూడో_అంతస్తు:

హాలు 14 అడుగులు, 11 అడుగులు. టీవీ 11 అడుగుల గోడకి. సోఫా కరెక్టుగ నడిమిట్ల ఉంటది అన్నా, వెనకాల డైనింగ్ టేబుల్ ఉంది కదా, అందుకే. సబ్ టీవీ పక్కన మూలకి పెట్టిన. కిచెన్ గుమ్మం డైనింగ్ టేబుల్ వెనకాల, ఆ చివరకి.

గది_కొలతలు:

దొరికిపోయింది. నీ సబ్‌వూఫర్‌కి ఏ రోగమూ లేదు, సోఫా కూర్చున్న చోటే రోగం.

చూడు, శబ్దం సెకనుకి సుమారు 1130 అడుగులు పోతుంది. అందులో సగం 565. దాన్ని గది పొడవుతో భాగించు, 565ని 14తో అంటే 40 చిల్లర. అంటే నీ హాల్లో 40 హెర్ట్జ్ (సెకనుకి 40 ఊపులు) దగ్గర శబ్దం రెండు గోడల మధ్య కొట్టుకుని నిలబడిపోతుంది, గోడల దగ్గర భయంకరంగా ఎక్కువ, సరిగ్గా మధ్యలో దాదాపు సున్నా. నువ్వు సోఫా వేసింది ఆ సున్నాలోనే. సినిమాల్లో బాంబులు, లారీలు, భూకంపాల సీన్లలో సరుకంతా ఆ 30 నుంచి 60 మధ్యే ఉంటుంది. చివరి గోడ దగ్గర నిలబడ్డ వదినగారికి మాత్రం ఫుల్లు. అడ్డం వైపు కూడా ఇదే లెక్క, 565 బై 11, అంటే 51 హెర్ట్జ్. ఇప్పుడు బేస్ రాజా చెప్పినట్టు గెయిన్ పెంచావనుకో, సున్నాని ఎంత పెట్టి గుణించినా సున్నాయే, కిచెన్లో పళ్లేలు మాత్రం కిందపడతాయి.

కాబట్టి మొదట సోఫాని రెండడుగులు, కుదిరితే మూడడుగులు వెనక్కో ముందుకో జరుపు. డైనింగ్ టేబుల్ గోడకి ఆనిస్తే చోటు వస్తుందేమో చూడు. అది చేశాక సబ్‌కి చోటు వెతకాలి, దానికి పాత చిట్కా ఒకటుంది, చూసేవాళ్లు నవ్వుతారు గానీ పనిచేస్తుంది. సబ్‌ని నువ్వు కూర్చునే చోట సోఫా మీద పెట్టు, నీ తల ఉండే జాగాలో. బేస్ గిటార్ మెట్లు దిగినట్టు ఒక్కో సుర (స్వరం) మీద నడిచే పాట ఏదైనా మామూలు సౌండ్‌లో పెట్టు. తర్వాత నువ్వు నేల మీద పాకుతూ గోడల వెంట తిరుగు, చెవి సబ్ ఎత్తులో పెట్టి. ఒక చోట ఒక సుర బొంయ్‌మంటుంది, ఇంకో చోట మాయమవుతుంది. ఎక్కడ అన్ని సురలూ ఒక్క తీరుగా వినిపిస్తే అదే దాని చోటు. మూలకి తోస్తే బేస్ ఎక్కువ వస్తుంది నిజమే, కానీ ఒకే సుర బొంయ్ బొంయ్ అంటుంది, దాన్నే చాలామంది "మంచి బేస్" అనుకుంటారు.

ఎత్తి దించే ముందు ప్లగ్గు పీకు, పాపని వేరే గదిలో ఉంచు, 15 కేజీల డబ్బా సోఫా మీంచి జారిందంటే కథ మారిపోతుంది.

ప్లేనో_తెలుగోడు:

సబ్ సెకండ్ హ్యాండ్ అన్నారు కాబట్టి ఒక మాట. వెనక ఎర్ర స్విచ్ ఏమైనా ఉందా, 115/230 అని? నా అనుభవం చెప్తా, నవ్వుకోండి. పోయినేడాది ఇక్కడ టెక్సాస్‌లో నేను వాడిన సబ్‌ని మా బావమరిదికి ఇద్దామని షిప్‌మెంట్‌లో వేసి గుంటూరు పంపా. థర్మాకోల్ పెట్టి, చుట్టూ పాత చీరలు కుక్కి, కస్టమ్స్ కట్టి, అంతా బాగానే చేరింది. వాడు సంతోషంతో వీడియో కాల్‌లో నాకు చూపిస్తూ ప్లగ్గులో గుచ్చాడు. ఠప్. ఫోన్లో నాకే వినపడింది. ఇక్కడ కరెంటు 120 వోల్టులు, స్విచ్ 115 మీదే ఉండిపోయింది, జరపమని చెప్పడం నేను మర్చిపోయా. అదృష్టం కొద్దీ ఫ్యూజూ, లోపల వోల్టేజ్ ఎక్కువైతే తను కాలిపోయి మిగతాదాన్ని కాపాడే ఒక బిళ్లా, ఆ రెండే పోయాయి, అక్కడి మెకానిక్ బాగుచేశాడు.

స్విచ్ ఉంటే ప్లగ్గు పెట్టకముందే చూసుకోండి. అసలు స్విచ్ లేకుండా వెనక ఉట్టి 120 అనే రాసుంటే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, సబ్ మీద రాసిన వాట్ల కంటే బాగా పెద్దది. 300 వాట్ల సబ్‌కి 300 వీఏ ట్రాన్స్‌ఫార్మర్ అంటే పెద్ద సీన్ వచ్చినప్పుడల్లా అది మూలుగుతుంది. మిక్సీకి వాడే చిన్న కన్వర్టర్లు అస్సలొద్దు.

బేస్_రాజా:

ఓకే ఓకే, పిన్ను విషయం నాదే తప్పు, ఇవాళ ఆదివారమే కదా మా ఇంట్లో కూడా చెక్ చేయిస్తా. కానీ గెయిన్ సంగతి చెప్పండి, నాది 5000 వాట్స్ అని బాక్స్ మీద ఉంది, సగంలో పెడితే సగమే వాడినట్టు కాదా?

తెనాలి_పాత_మెకానిక్:

5000 వాట్లు! బాబూ, 230 వోల్టుల 6 ఆంపియర్ల ప్లగ్గు మొత్తం ఇచ్చేదే 1380 వాట్లు. మిగతా మూడున్నర వేలు ఎక్కణ్ణుంచి తెస్తోంది నీ పెట్టె, వెనక ఇంటి నుంచా? అది పీఎంపీవో అని ఒక అమ్మకపు లెక్క, దానికి తలాతోకా ఉండదు. వెనక పట్టీ మీద కన్సంప్షన్ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది చూడు, 80 వాట్లో 100 వాట్లో, నిజం అక్కడుంటుంది. కొనేటప్పుడు ఆర్‌ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగలిగే అసలు పవర్) అని రాసిందే నంబరు.

గది_కొలతలు:

నాబ్‌ల గురించి ఒకేసారి రాసేస్తున్నా, ఇద్దరికీ పనికొస్తుంది.

గెయిన్ అంటే వాల్యూమ్ కాదు, రిసీవర్ నుంచి వచ్చే సిగ్నల్‌కి సబ్ ఎంత స్పందించాలో ఆ సర్దుబాటు. సగానికి కాస్త అటూ ఇటూ పెట్టి, రిసీవర్‌లో ఆటో సెటప్ మైకు ఉంటే అది నడిపించు. అయ్యాక లెవెల్స్‌లో సబ్‌వూఫర్ దగ్గర ఏ నంబర్ వచ్చిందో చూడు. మైనస్ 12 అని చివర ఆగిపోయిందంటే గెయిన్ ఎక్కువైంది, తగ్గించి మళ్లీ నడుపు. మైనస్ 3, మైనస్ 6 అలా వస్తే హాయి. దూరం దగ్గర మాత్రం కంగారుపడకు, సబ్ 8 అడుగుల్లో ఉంటే అది 13 అడుగులు అని చూపించొచ్చు, తప్పు కొలిచిందని టేపు పట్టుకుని నువ్వు దిద్దకు. సబ్ లోపలి సర్క్యూట్ కాస్త ఆలస్యం చేస్తుంది, ఆ ఆలస్యాన్ని అది దూరంగా లెక్కేసుకుంటుంది.

క్రాసోవర్ అంటే ఎక్కడి నుంచి కింది శబ్దం సబ్‌కి పోవాలో కోసే గీత. రిసీవర్‌లో స్పీకర్లన్నీ స్మాల్ అని పెట్టు, "నా స్పీకర్లు స్మాలా" అని ఫీల్ అవ్వకు, బేస్ పని సబ్‌కి అప్పజెప్పు అని అర్థం అంతే. క్రాసోవర్ 80 హెర్ట్జ్. దానికంటే కింది శబ్దం ఎటువైపు నుంచి వస్తోందో మన చెవికి దాదాపు తెలీదు, అందుకే సబ్ పక్కనున్నా సౌండ్ టీవీ నుంచే వస్తున్నట్టు ఉంటుంది. నీవి మరీ చిన్న స్పీకర్లయితే 90 లేదా 100. రిసీవరే కోసి పంపుతోంది కాబట్టి సబ్ వెనక ఉన్న క్రాసోవర్ నాబ్‌ని పూర్తిగా చివరికి తిప్పెయ్, ఎల్‌ఎఫ్‌ఈ (సినిమాలో బేస్ కోసమే విడిగా వచ్చే ట్రాక్) అని ఇన్‌పుట్ ఉంటే వైరు అందులో పెట్టు. నువ్వు సగంలో పెట్టానన్నావు కదా, రిసీవర్ ఒకసారి, సబ్ ఒకసారి, రెండుసార్లు కోస్తున్నాయి, మధ్యలో గొయ్యి పడుతుంది. సబ్‌వూఫర్ మోడ్ అని రెండు ఆప్షన్లుంటే ఎల్‌ఎఫ్‌ఈ ఒక్కటే తీసుకో, ఎల్‌ఎఫ్‌ఈ ప్లస్ మెయిన్ వద్దు.

ఫేజ్ నాబ్‌కి ఇద్దరు మనుషులు కావాలి, ఇది కరెంటు ఫేజ్ కాదు, సబ్ స్పీకర్లతో కలిసి ఊగాలా ఎదురు ఊగాలా అన్నది. నువ్వు సోఫాలో కూర్చో, పాట పెట్టు, స్పీకర్లూ సబ్బూ రెండూ మోగాలి, వదినగారిని 0, 180 మార్చమను. ఏది పెడితే బేస్ నిండుగా వినిపిస్తుందో అదే కరెక్టు, పుస్తకంలో వెతకక్కర్లేదు. ఆటో/ఆన్‌లో ఆటో అంటే సిగ్నల్ రాకపోతే తనే నిద్రపోతుంది, రాత్రిళ్లు తక్కువ సౌండ్‌లో చూసేవాళ్లకి సినిమా మధ్యలో ఆరిపోయి చిరాకు, వాళ్లు ఆన్‌లో పెట్టుకుని చూశాక ఆపుకోవడమే నయం. ఇంకో సంగతి, ఫోన్లో డెసిబెల్ యాప్ పెట్టి బేస్ కొలవకండి, ఫోన్ మైకు మాటల కోసం చేసింది, 40 హెర్ట్జ్ దానికి సరిగ్గా అందదు.

కూకట్‌పల్లి_మూడో_అంతస్తు:

బాబాయ్, మీ నోట్ల చక్కెర పొయ్యాలె. ఆఫీసుల ఒక దోస్తు వాళ్ల అన్న ఎలక్ట్రికల్ ఇంజినీరు, మీటర్ పట్టుకొని వచ్చిండు. ఫేజ్-న్యూట్రల్ 234. ఫేజ్-ఎర్త్ 71. మెయిన్ ఆపి బోర్డు విప్పితే లోపట ఆకుపచ్చ వైరు ఉన్నది, ఉన్నది గాని పిన్నుకి బిగించలేదు, కొసకి టేపు చుట్టి మూలకి మడిచిపెట్టిండ్రు! ఎవ్వరు ఎన్నేండ్ల కింద చేసిండ్రో. దాన్ని బిగించి మళ్ల చూస్తే ఫేజ్-ఎర్త్ 233, న్యూట్రల్-ఎర్త్ ఒకటిన్నర. జిల్లుమనుడు బంద్. ఇంట్ల మిగతా బోర్డులు కూడ చూపిస్తే ఫ్రిజ్ దగ్గర కూడ అదే కథ, అది కూడ బిగించినం.

హమ్ ముప్పావు వంతు పోయింది, కానీ చెవి దగ్గర పెడితే ఇంకా సన్నగ ఉంది. 115/230 స్విచ్ చూసిన, 230 మీదనే ఉంది, థాంక్స్ ప్లేనో అన్నా.

తెనాలి_పాత_మెకానిక్:

టేపు చుట్టి మడిచిపెట్టారా. వాడికి ఆ పది నిమిషాల్లో ఏం పనొచ్చిందో.

ఇప్పుడు మిగిలిన హమ్. సెట్‌టాప్ బాక్సు వెనక కేబుల్ వైరు విప్పి చూడు, కరెంటు వైరు కాదు, ఆ గుండ్రటి కేబుల్ వైరు. హమ్ ఠక్కున పోతే దొంగ దొరికినట్టే. కేబుల్ వైరు లోపల చుట్టూ ఉండే తీగల అల్లిక ఎక్కడో వీధిలో స్తంభం దగ్గర భూమికి కలిసుంటుంది, నీ సబ్బు (సబ్‌వూఫర్) మీ ఇంటి ఎర్త్‌కి కలిసుంది, ఆ రెండు భూములకీ మధ్య కాస్త వోల్టేజీ తేడా ఉంటుంది, ఆ తేడా నీ ఆర్‌సీఏ వైరు మీదుగా ప్రవహించి 50 హెర్ట్జ్ మోతగా వస్తుంది. మన కరెంటు 50 కదా. దానికి మందు కేబుల్ వైరు మధ్యలో పెట్టే ఐసొలేటర్, సిగ్నల్‌ని పోనిచ్చి ఆ భూమి కలయికని తెంపుతుంది, చిన్నది, మొగ్గంత ఉంటుంది. ఆర్‌సీఏ వైరుకి పెట్టే ఐసొలేటర్లు కూడా అమ్ముతారు, చవకవి కింద బేస్‌నే మింగేస్తాయి, సబ్బు కొన్నదే దానికోసం అయితే ఇంక దేనికి. టీవీ, రిసీవర్, సబ్బు మూడూ ఒకే గోడ ప్లగ్గు నుంచి మంచి స్పైక్ బోర్డు మీద పెట్టు, అప్పుడు లోపలి తేడాలు కూడా తగ్గుతాయి. ఆర్‌సీఏ వైరుని కరెంటు వైరుతో కలిపి జడ అల్లకు.

వైర్లు పెట్టేటప్పుడు అన్నీ ఆపి పెట్టాలి. ఆర్‌సీఏ పిన్నులో మధ్య ముల్లు ముందు తగులుతుంది, చుట్టూ ఉన్న తొడుగు తర్వాత తగులుతుంది, ఆ అర సెకనులో ఆన్‌లో ఉన్న సబ్బు భర్ర్‌మని అరుస్తుంది, ఒక్కోసారి అట్ట కోను (స్పీకర్‌లో ముందుకీ వెనక్కీ ఊగే గిన్నె) బయటికి దూకినంత పనవుతుంది. ఆన్ చేసేటప్పుడు రిసీవర్ ముందు, సబ్బు ఆఖర్న. ఆపేటప్పుడు సబ్బు ముందు.

ఇన్వర్టర్ ఉందా ఇంట్లో? పాత రకం స్క్వేర్‌వేవ్ అయితే ఆ లైన్ మీద పెట్టకు, గుర్రుమంటుంది, లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పెట్టయితే వేడెక్కుతుంది కూడా. ఉరుములొస్తే స్విచ్ ఆపడం చాలదు, స్విచ్ ఒక్క ఫేజ్‌నే కోస్తుంది, ప్లగ్గు పీకు, కేబుల్ వైరు కూడా పీకు, పిడుగులకి టీవీలు పోయింది ఎక్కువ ఆ వైరు దారినే. వెనక రేకు వేడి పోవాలి, గోడకి జానెడు వదులు, మీద గుడ్డ కప్పకు, పూలకుండీ అసలు పెట్టకు. ఇల్లు తుడిచే అమ్మాయికి చెప్పు, తడిగుడ్డ దాని కిందకి తొయ్యొద్దని, కొన్ని సబ్బుల్లో స్పీకర్ కింద వైపే ఉంటుంది.

ఫ్యూజు పోతే దాని మీద ఏం రాసుందో అదే వెయ్యి. టి అని ఉంటే నెమ్మదిగా కాలే రకం, అదే కావాలి. రెండోసారి కూడా వెంటనే పోతే లోపల జబ్బుంది, మూడోది వెయ్యకు. రాగి పోగు, సిగరెట్ కాగితం వగైరా చుట్టినవాళ్లు నా షాపుకే వచ్చేవాళ్లు చివరికి. నువ్వు మాత్రం విప్పకు, ప్లగ్గు పీకాక కూడా లోపల కెపాసిటర్లలో 300 వోల్టుల పైనే నిలవుంటుంది.

అన్నట్టు క్రేయాన్లు. ప్లగ్గు పీకి, రంధ్రం కిందకి వచ్చేలా నెమ్మదిగా పక్కకి వంచు, వాటంతటవే దొర్లి వస్తాయి. చువ్వలు పెట్టి కెలక్కు. తర్వాత ఆ రంధ్రానికి వంటగది జాలీ ముక్క ఒకటి బిగించెయ్, గాలి ఆడేలా వదులు కన్నాలది, బల్లులు కూడా దూరవు. నా దగ్గరికి ఒక సబ్బు తెచ్చారు, కోను చుట్టూ ఉండే రబ్బరంతా ఎలుక తినేసి లోపల దూదిలో పిల్లల్ని పెట్టింది.

నిద్ర_కావాలి:

నేను మీలాంటివాళ్ల కింద ఫ్లోర్‌లో ఉండే మనిషిని, నా వైపు కూడా వినండి. మా పైన ఆయనకి అర్థం కానిది ఏంటంటే మాకు డైలాగులు వినపడవు, పాట వినపడదు, ఉట్టి "దుమ్.. దుమ్" అని స్లాబ్ నుంచి మంచంలోకి దిగుతుంది. అడిగితే యాప్ చూపించి 45 డెసిబెల్సే అంటాడు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో ఇళ్లున్న ఏరియాకి పగలు 55, రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా 45 అని ఉంది కదా అని లా పాయింటు. ఆ కొలత మన చెవిలాగా బేస్‌ని బాగా తగ్గించి లెక్కేస్తుంది, 40 హెర్ట్జ్ దగ్గర ఏకంగా 34 డెసిబెల్స్ కొట్టేస్తుంది. మీటర్‌లో పాసు, నా మంచం మీద ఫెయిలు.

గది_కొలతలు:

నిజమే, దానికి నేనేం వాదించను. కింద స్పాంజి ప్యాడ్ వేస్తే అన్నీ పోతాయని అమ్మేవాళ్లు చెప్తారు, టైల్స్ మీద డబ్బా గజగజలాడటం తగ్గుతుంది గానీ గాల్లోంచి స్లాబ్‌కి పట్టే బేస్ ఆగదు. పనిచేసేది ఒకటుంది, పాకినప్పుడు సోఫా పక్కనే, మూరెడు దూరంలో కూడా మంచి చోటు దొరికితే అక్కడే పెట్టుకో. చెవికి దగ్గరగా ఉంటే బాగా తక్కువ లెవెల్‌లోనే నీకు సరిపోతుంది, కిందవాళ్లకి ఆ మేరకు తగ్గుతుంది. పది తర్వాత రిసీవర్‌లో నైట్ మోడ్, సబ్ లెవెల్ ఒక 6 డీబీ కిందకి.

ఇంకొకటి, కొత్త మోజులో యూట్యూబ్‌లో బేస్ టెస్ట్ వీడియోలు పెట్టకు, 20, 15, 10 హెర్ట్జ్ అని ఉంటాయి. గాలి రంధ్రం ఉన్న సబ్‌లో ఆ రంధ్రానికి ట్యూన్ చేసిన ఫ్రీక్వెన్సీ కంటే కిందకి వెళ్తే కోనుకి పట్టు ఉండదు, ఇష్టమొచ్చినట్టు ఊగుతుంది, నీకు శబ్దం వినపడదు కాబట్టి ఇంకా పెంచుతావు, టప్ టప్ అని లోపల కొట్టుకుంటుంది. ఆ టప్ వినపడినా, వైండింగ్ వార్నిష్ మాడిన వాసన వచ్చినా వెంటనే తగ్గించు.

కూకట్‌పల్లి_మూడో_అంతస్తు:

అప్‌డేట్. కేబుల్ వైరు విప్పంగనే హమ్ పోయింది, పూర్తిగ, ఆన్‌ల ఉందా లేదా అని లైటు చూసుకోవాల్సి వచ్చింది. ఐసొలేటర్ ఆర్డర్ పెట్టిన.

పాకుడు కూడ పాకిన. మా అత్తమ్మ కరీంనగర్ నుంచి వచ్చింది మొన్ననే, అల్లుడు సోఫా మీద డబ్బా పెట్టి నేల మీద చెవి ఆనించి మోకాళ్ల మీద తిరుగుతుంటే ఏమైందోనని మా ఆవిడని లోపటికి తీసుకపోయి మెల్లగ అడిగిందట. నా బిడ్డ ఎనకాల నుంచి ఎక్కి గుర్రం ఆట. సోఫా రెండున్నర అడుగులు వెనక్కి పోయింది, డైనింగ్ టేబుల్ గోడకి ఆనింది, సబ్ ఇప్పుడు సోఫా కుడి చేతి పక్కన ఉంది. ఫేజ్ 180ల నిండుగ వచ్చింది. ఆటో సెటప్‌ల మొదటిసారి మైనస్ 12 పడ్డది, మీరు చెప్పినట్టే గెయిన్ తగ్గిస్తే మైనస్ 5. నిన్న రాత్రి ఎనిమిదింటికి యుద్ధం సినిమా పెడితే సోఫాల కూసున్నోనికి ఛాతిల తెలుస్తుంది, కిచెన్ల పళ్లేలు సప్పుడు లేవు. కింది ఆంటీని నేనే పోయి అడిగిన, "పొద్దున మిక్సీయే ఎక్కువ వినపడుతది" అన్నది, మా మిక్సీ అనా వాళ్ల మిక్సీ అనా తెల్వదు, నేను అడగలేదు.

క్రేయాన్లు నాలుగు కాదు, ఏడు వచ్చినయ్. ఒక టీవీ రిమోట్ బ్యాటరీ కూడ.

ఒక్కటే మిగిలింది, ఒక పాటల ఒక్క సుర దగ్గర షోకేసు అద్దం జుయ్‌మంటది. సబ్‌ల ఏమన్నా పోయిందా?

తెనాలి_పాత_మెకానిక్:

సబ్బు కాదు. ఆ సుర వచ్చినప్పుడు అద్దాన్ని వేలితో నొక్కు, ఆగిపోతే అద్దం జారే గాడిలో సైకిల్ ట్యూబు ముక్క సన్నగా కోసి దూర్చు. అదీ ఆగకపోతే లోపల పెట్టిన షీల్డులూ బొమ్మలూ ఒక్కొక్కటే తీసి చూడు.